టైర్లు తర్వాత తమ్ముడూ, ముందు హవా తీయ్!

పోయిన వారం మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఉప్పల్‌లో ఒక టైర్ల షాపువాళ్లు రాసిచ్చిన కొటేషన్. నాలుగు మడ్ టెరైన్ టైర్లు, ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి లక్షకు రెండు వేలు తక్కువ. కింద వాడి మెసేజ్: "అక్కా, ఫిక్స్ అయిపోయినా. ఇగ బీచ్‌ల మన బండిని ఆపేటోడు లేడు."

వాడిది సెకండ్ హ్యాండ్ థార్. ఫోర్ బై ఫోర్, డీజిల్. కొని ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆ బండి ఎక్కువగా తిరిగింది నాచారం నుంచి హబ్సిగూడ, అక్కణ్నుంచి ఉప్పల్ రింగ్‌రోడ్డు, మళ్లీ నాచారం. ఇసుక తొక్కింది ఒక్కటంటే ఒక్క రోజు. ఆ ఒక్క రోజు బండి దిగబడింది. ఈ లక్ష రూపాయల ఆలోచన అక్కడ పుట్టిందే.

ఆ రోజు పక్క సీట్లో నేనే ఉన్నాను కాబట్టి, ఈ వారం కాలమ్ దాని మీదే.

ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లారక ముందే బయల్దేరాం. నాగోలు, ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డులోకి తిరిగి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా చీరాల. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. మధ్యాహ్నం భోజనం చేసి ఓడరేవు వైపు వెళ్లాం. జనం ఉన్నచోట వద్దని ఊరు దాటి, పడవలు ఆగే చోటు కూడా దాటి, ఇసుకలోకి దిగాం. తమ్ముడు లీవర్‌ని 4హెచ్‌లో వేసి, "చూడక్కా ఇగ" అన్నాడు.

చూశాను. నూట యాభై అడుగులు బ్రహ్మాండంగా వెళ్లింది. తర్వాత బండి బరువెక్కినట్టయింది. ఇంజను అరుస్తోంది గానీ మేం కదలట్లేదు. వాడు ఇంకా గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఇసుకని వెనక్కి చిమ్మి, వాటి గొయ్యి అవే తవ్వుకున్నాయి. దిగి చూసేసరికి ఇరుసు ఇసుకకి ఆనింది. అలలు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. పావుగంట తర్వాత చూస్తే పదిహేను అడుగులు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వేళకి పోటా ఆటా అని ఎవరమూ చూసుకుని రాలేదని.

ఫోన్‌లో అన్నీ చూస్తాం కదా. హోటల్ రివ్యూలు, టోల్ ఎంత, ఏ దాబాలో బిర్యానీ బాగుంటుంది... అన్నీ చూశాం. సముద్రం ఎప్పుడు ముందుకొస్తుందో మాత్రం చూడలేదు.

పడవలు లాగే ట్రాక్టరు ఒకటి వచ్చింది. డ్రైవరుకి అరవై ఏళ్లుంటాయేమో. తాడు తెచ్చాడు. కానీ కట్టలేదు. తమ్ముడు ఇంకా యాక్సిలేటర్ తొక్కుతుంటే, "బాబూ, ముందా కాలు తియ్యండి" అన్నాడు. తర్వాత మా టైర్లని బొటనవేలితో నొక్కి చూసి, "బండలా ఉన్నాయి. గాలి తియ్యలేదా?" అన్నాడు. మేం మొహాలు చూసుకున్నాం. ఆయన తన ట్రాక్టరు వెనక చక్రం చూపించాడు. "దీని బుగ్గలు చూడండి, ఎలా జారి ఉన్నాయో. అలా ఉంటేనే ఇసుకలో నడుస్తుంది."

తాళంచెవి కొసతో వాల్వు పిన్ను నొక్కిపట్టి నాలుగు టైర్లలోనూ గాలి వదిలేశాం. గేజ్ లేదు, అంతా కంటి లెక్క. చక్రాల వెనక ఇసుక చేతుల్తో తోడాం. తమ్ముడు 4ఎల్‌లో, రివర్స్‌లో, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తీశాడు. బండి గునుస్తూ పైకి వచ్చేసింది. ట్రాక్టరు తాడు అవసరమే పడలేదు. టైర్లు అవే, బండి అదే, డ్రైవరూ వాడే. మారింది గాలి ఒక్కటే.

లెక్క చాలా సింపుల్. టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపుగా దాని లోపలున్న గాలి ఒత్తిడంత ఉంటుంది. ఇద్దరు మనుషులు, సామానుతో థార్ బరువు రెండు టన్నులనుకోండి. ఒక్కో చక్రం మీద 500 కిలోలు. 32 పీఎస్‌ఐ దగ్గర ఆ చక్రం నేలని తాకే జాగా సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. అంటే మీ చేతిలో ఉన్న ఫోన్ లాంటివి రెండు పక్కపక్కన పెట్టినంత. రెండు టన్నుల బండి మొత్తం ఎనిమిది ఫోన్ల మీద నిలబడి ఉందన్నమాట! గాలిని 16కి దించండి. ఒక్కో చక్రం కింద నాలుగు ఫోన్లు. నిజానికి టైరు గోడ బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి లెక్క కచ్చితంగా ఇలాగే రాదు, కానీ తేడా ఆ స్థాయిలోనే ఉంటుంది. పైగా టైరు అడ్డంగా కంటే పొడుగ్గా ఎక్కువ పరుచుకుంటుంది, యుద్ధ ట్యాంకు కింద ఉండే పట్టాలాగ.

ఇందులో ఇంకో తమాషా ఉంది. లావు టైరు వేసి గాలి మాత్రం 32లోనే ఉంచారనుకోండి, నేలని తాకే జాగా పెద్దగా పెరగదు. వెడల్పు పెరిగినంత పొడవు తగ్గుతుంది. అంటే డబ్బులు పెట్టి వెడల్పు కొనుక్కుని, గాలి తీయకుండా ఆ లాభాన్ని వదిలేసుకున్నట్టే.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్యేం కాదు. రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజినీరు 1920లు, 30ల్లో ఫోర్డ్ కార్లు వేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారుల్లో తిరిగాడు. ఫోర్ వీల్ డ్రైవ్ లేని మామూలు కార్లు అవి. టైర్లలో గాలి తగ్గించడం, దిగబడితే చక్రాల కింద ఇనుప రేకులు పరవడం... ఈ రెండిటితోనే జనం పోలేరనుకున్న ఇసుక దిబ్బలు దాటాడు. గాలికి ఇసుక ఎలా కదులుతుందో 1941లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఈ రోజు ఆన్‌లైన్‌లో రంగురంగుల ప్లాస్టిక్ రికవరీ బోర్డులు అమ్ముతున్నారే, అవి ఆ ఇనుప రేకుల మనవలే.

సరే, మా కథకొద్దాం. బండి బయటపడింది గానీ మా దగ్గర కంప్రెసర్ లేదు. నాలుగు టైర్లూ చప్పబడి ఉన్నాయి. అలాగే చీరాల దాకా తారు రోడ్డు మీద తీసుకెళ్లాం. మెల్లగానే పోయాం అంటాడు తమ్ముడు. మెల్లగా అంటే వాడి దృష్టిలో నలభై. పంక్చర్ షాపులో గాలి కొట్టించుకుని, ఇంతే కదా అనుకుని హైదరాబాద్ వచ్చేశాం.

నెల తర్వాత వెనక ఎడమ టైరులో గాలి తరచూ తగ్గుతోందని నాచారంలో మా గల్లీ పంక్చర్ షాపు చాచా దగ్గరికి వెళ్లాం. చాచా పన్నెండేళ్లు సౌదీలో వాటర్ ట్యాంకర్ నడిపి వచ్చిన మనిషి. టైరు విప్పి లోపల చెయ్యి పెట్టి తీశాడు. చేతినిండా నల్లటి రబ్బరు పొడి. "గాలి లేకుండ రోడ్డు మీద ఉరికించినవా బేటా?" అన్నాడు. ఇంకేం దాస్తాం! గాలి తక్కువున్న టైరు రోడ్డు మీద వేగంగా తిరిగితే పక్క గోడ ప్రతి చుట్టుకీ మడతపడి లేస్తుంది, వేడెక్కుతుంది, లోపల ఒరుసుకుపోతుంది. బయటికి ఏం కనపడదు. ఏదో ఒక రోజు హైవే మీద ఎనభైలో పేలుతుంది. మాది పేలకముందే కనపడింది, అంతే.

అలా ఒక టైరు పోయింది. ఒకటి ఎలాగూ మార్చాలి కదా, నాలుగూ మార్చేద్దాం, అదీ మడ్ టైర్లే వేద్దాం అన్నది తమ్ముడి లాజిక్. ఆ కొటేషన్ చూపిస్తే చాచా నవ్వాడు. "బురదల తవ్వే టైరుతోని ఇసుకల పోతవా? అది ఇంకా జల్ది తవ్వుతది. సౌదీల మేము పాత టైర్లతోనే తిరిగినం. హవా తీసుడే అసలు పని."

చాచా మాట నూటికి నూరుపాళ్లు నిజం. బురదలో పై జారుడు పొరని చీల్చుకుని కింది గట్టి నేలని పట్టుకోవాలి. అందుకే మడ్ టైరుకి పెద్ద పెద్ద గట్లు, మధ్య లోతైన సందులు ఉంటాయి. పొడి ఇసుకకి అడుగున పట్టుకోవడానికి గట్టి నేలంటూ ఏదీ దొరకదు. ఎంత తవ్వితే అంత లోపలికి. అక్కడ కావాల్సింది తేలడం. రోడ్డు టైర్లు, అంటే హెచ్/టీ రకం, గాలి తీస్తే ఇసుక మీద చక్కగా తేలుతాయి. మడ్ టైరు కూడా గాలి తీసి, కాలు అదుపులో పెట్టుకుని నడిపితే వెళ్తుంది, కాదనను. కానీ మిగతా 364 రోజులూ? తారు మీద గుయ్యిమని మోత, మైలేజీ తగ్గడం, అన్నిటికీ మించి తడిరోడ్డు మీద బ్రేకు. జులై వానలో ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ముందు వెళ్తున్న ఆటో అకస్మాత్తుగా ఆగితే మీకు కావాల్సింది బురదని చీల్చే గట్లు కాదు, నీళ్లని పక్కకి తోసే సన్నటి గాడులు.

మరి ఏ టైరు? నా మాట అడిగితే, మనలాగా నగరంలో తిరుగుతూ ఎప్పుడో ఒకసారి మట్టి, ఇసుక తొక్కేవాళ్లకి ఆల్ టెరైన్, అంటే ఏ/టీ. అంతకంటే ముందు చూడాల్సింది సైడ్‌వాల్ ఎత్తు. థార్‌లోనే రెండు సైజులు వచ్చాయి: 255/65 ఆర్18, 245/75 ఆర్16. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ అంగుళాల్లో. లెక్క వేయండి. 18 అంగుళాల దానికి గోడ 166 మిల్లీమీటర్లు, 16 దానికి 184. షోరూంలో 18 అంగుళాల అల్లాయ్ వీలే అందంగా కనిపిస్తుంది, ఒప్పుకుంటా. కానీ గాలి తీసినప్పుడు కుంగి పరుచుకోవడానికి ఎక్కువ గోడ ఉన్నది 16 దానికే. జిమ్నీ వాళ్లు నవ్వుకోవచ్చు. 195 వెడల్పు సన్న టైర్లే అయినా బండి బరువే 1,200 కిలోల దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఇసుకలో దానికి పుట్టుకతోనే లాభం.

కంపెనీ చెప్పిన సైజు దాటి లావు టైర్లు వేయించే ఆలోచన ఉంటే ఒకసారి ఆగండి. టైరు వ్యాసం మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు దగ్గర ఆ మాటే ఎదురొస్తుంది. కొనేటప్పుడు టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. డిస్కౌంట్ బాగా ఇస్తున్నారంటే ముందు ఆ నాలుగంకెలు చూడాలి!

మా విషయంలో చాచా తీర్పు ఇదీ: వెనక ఇరుసుకి రెండూ కొత్తవి, ఇప్పుడున్న కంపెనీ, సైజు, నమూనాలోనే. ముందువి అలాగే ఉంచాలి, బాగున్నాయి కాబట్టి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇది చాదస్తం కాదు. 4హెచ్ వేసినప్పుడు థార్ లాంటి బండిలో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరగాలి. టైర్ల ఎత్తుల్లో బాగా తేడా ఉంటే ఆ గుంజులాట అంతా గేర్ల మీద పడుతుంది. గట్టి తారు రోడ్డు మీద 4హెచ్ వేయొద్దనేదీ అందుకే. ఇసుకలో చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు.

మిగిలిన డబ్బులో ఐదారు వేలు పెట్టి 12 వోల్టుల కంప్రెసర్, మంచి గేజ్, ఒక పార కొన్నాం. నన్నడిగితే టైర్ల కంటే ముందు కొనాల్సినవి ఇవే. కంప్రెసర్ పెద్దదైతే సిగరెట్ సాకెట్‌కి పెట్టకండి, ఫ్యూజు పోతుంది. బ్యాటరీకే క్లిప్పులు తగిలించాలి.

ఇసుకలో ఎంత హవా? 18 దగ్గర మొదలుపెట్టండి. బండి బరువెక్కినట్టనిపిస్తే 15-16. దిగబడితే బయటపడేదాకా మాత్రమే 12, అదీ నడక వేగంలో, స్టీరింగ్ గట్టిగా తిప్పకుండా. అంత తక్కువ గాలిలో ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఇంకో చిన్న సంగతి: మూడొందల కిలోమీటర్లు నడిచిన టైరు వేడిగా ఉంటుంది, గేజ్ మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మీరు 18 అనుకుని ఆపింది టీ తాగొచ్చేసరికి 16 అయి ఉండొచ్చు. మళ్లీ తారు ఎక్కేముందు కంపెనీ చెప్పినంత కొట్టించి తీరాలి. చీరాల రోడ్డు మీద మేం చేసిన పని చెయ్యకండి.

నడపడం గురించి పెద్ద పాఠం అక్కర్లేదు. ముందు దిగి నడవండి. మడమ లోపలికి కూరుకుపోతుంటే బండి కూడా కూరుకుపోతుంది. 4హెచ్‌లో, ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసి (అది ఉంటే సరిగ్గా ఊపు కావాల్సినప్పుడే ఇంజను గొంతు నొక్కేస్తుంది), ఒకే వేగంతో వెళ్లాలి. గేరు మార్చడానికి ఆగినంతలో బండి ఆగిపోతుంది. మలుపులు పెద్దగా తీసుకోవాలి. ఆపాలంటే బ్రేకు కాదు, యాక్సిలేటర్ వదిలేయాలి. బ్రేకు కొడితే చక్రాల ముందు ఇసుక గుట్టగా పోగవుతుంది, కదిలేటప్పుడు ఆ గుట్టే అడ్డం. ఆపేది కూడా పల్లం వైపు ముక్కు పెట్టి. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఆ క్షణమే కాలు తీసేయాలి. మొదటి రెండు సెకన్లలో తీస్తే గొయ్యి అరచెయ్యంత. మా తమ్ముడిలా పట్టుదలకి పోతే ఇరుసంత.

తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా అంటారు. నిజమే. ఇసుక రేణువుల మధ్య కొద్దిపాటి నీళ్లు జిగురులా పట్టుకుంటాయి. కేరళ కన్నూర్ దగ్గర ముళప్పిలంగాడ్ బీచ్ మీద నాలుగు కిలోమీటర్ల దాకా మామూలు కార్లే పరిగెడతాయి, అది ఆ ఇసుక గుణం. కానీ అల వచ్చిపోయే చోట నీళ్లు మరీ ఎక్కువై ఆ పట్టు వదిలేస్తుంది. అక్కడ బండి నిలబెడితే చక్రాల కింద ఇసుకని ప్రతి అలా కొంచెం కొంచెం తీసుకుపోతుంది. 2024 జూన్‌లో గుజరాత్‌లోని ముంద్రా దగ్గర రీల్ కోసం రెండు థార్లు సముద్రంలోకి దించి ఇరుక్కుపోయిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పోలీసు కేసు కూడా అయింది. ఉప్పునీళ్లు తగిలిన బండిని అదే రోజు మంచినీళ్లతో అడుగు భాగమంతా కడిగించాలి, లేదంటే తుప్పు మొదలు.

పోటూ ఆటూ దాదాపు పన్నెండు గంటల పాతిక నిమిషాలకోసారి తిరిగొస్తాయి, రోజూ యాభై నిమిషాలు ఆలస్యమవుతూ. అమావాస్య, పున్నమి రోజుల్లో ఎక్కువ. ఫోన్‌లో టైడ్ టైమింగ్స్ చూడ్డానికి ఒక్క నిమిషం పడుతుంది. పోటు అయిపోయి నీళ్లు వెనక్కి తగ్గడం మొదలైనప్పుడు దిగితే తప్పు చేసినా సరిదిద్దుకోవడానికి గంటలు ఉంటాయి. అసలు అక్కడికి బండి వెళ్లనిస్తారా అని ఊళ్లోవాళ్లనీ మెరైన్ పోలీసులనీ అడగడం అంతకంటే ముందు పని. గోవాలో బీచ్ మీద బండి నడపడమే నిషేధం.

ఒక విషయం ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు బండి బయటపడ్డాక కాస్త పైన, పొడి ఇసుకలో నాకో జాడ కనపడింది. వెడల్పుగా, రెండు పక్కలా గీతలు గీతలుగా. "మనకంటే ముందు ఎవరో ట్రాక్టరు తెచ్చారు" అన్నాను. ట్రాక్టరు పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "అది తాబేలమ్మా. రాత్రి గుడ్లు పెట్టడానికెక్కింది."

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. చలికాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా మన తీరానికి వస్తాయి. పోటు నీళ్లు అందని మెత్తటి పొడి ఇసుకలో మూరెడు లోతు గొయ్యి తీసి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, పులితో సమానంగా ఉన్న జీవి అది. మనం బండి నడిపేది సరిగ్గా ఆ ఇసుకలోనే. టైరు చేసిన గాడి మనకి అరడుగు లోతు, అంతే. అప్పుడే గుడ్డులోంచి వచ్చి సముద్రం వైపు పాకే రెండంగుళాల పిల్లకి అది దాటలేని కాలవ. మా చక్రాల గాళ్లు ఆ జాడకి పది అడుగుల అవతలే ఉన్నాయి. ఇంకెక్కడైనా, కనపడని గూటి మీంచి పోయామో లేదో తెలుసుకునే దారి లేదు. పెద్దాయన మాత్రం వెళ్తూ వెళ్తూ తన ట్రాక్టరుని ఆ జాడ చుట్టూ దూరంగా తిప్పుకుని పోయాడు.

తమ్ముడు మళ్లీ ప్లాన్ వేస్తున్నాడు. జనవరి నుంచి మే వరకు వద్దన్నాను. అక్టోబరు, నవంబరు తుపాన్లు. "అయితే ఇంక మిగిలిందేంది?" అని వాడి గొడవ. సెప్టెంబరులో, ఆటు చూసుకుని, తడి ఇసుక అంచున పోదామన్నాను. నిన్న సాయంత్రం నాచారంలో ఇంటి ముందు కొత్త కంప్రెసర్‌తో ప్రాక్టీసు పెట్టాడు. 32 నుంచి 16కి దించడం, మళ్లీ 32కి కొట్టడం. ఒక్కో టైరుకి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మరీ. చాచా షాపు ముందు స్టూలు మీద కూర్చుని చూస్తూ, "నా గిరాకీ ఖరాబ్ చేస్తున్నవ్ బేటా" అంటున్నాడు.